కృష్ణ ఒడ్డున రెండు శీలాలు

పంచశీల గురించి ఊళ్ళలో మాట్లాడే వాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. నాకు 2024 వైశాఖ పూర్ణిమ నాడు, మే 23న, అమరావతికి ఎగువన కృష్ణ ఒడ్డున ఉన్న ఒక యానాది కాలనీలో ఎదురైంది. ఇరవై పైచిలుకు ఇళ్ళు. పదేళ్ళుగా అక్కడికి వెళ్తున్నాను. రేషన్ కార్డులు, కుల ధ్రువీకరణ పత్రాలు, పిల్లల్ని హాస్టళ్ళలో చేర్పించడం, ఇలాంటి పనులు. ఆ సాయంత్రం బుద్ధుడి పటం ముందు కొవ్వొత్తులు వెలిగించి, త్రిశరణం, పంచశీల చెప్పించి, ఒక్కో శీలానికి తెలుగులో అర్థం చెబుతున్నాను. మొదటి శీలం దగ్గరే ఒక ఆడమనిషి లేచింది.

“ప్రాణం తియ్యకూడదంటే చేప ప్రాణం కూడానా అయ్యా? అట్టయితే రేపు పొద్దున మేమేం తినాల?”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. పక్కనే కూర్చున్న ఆమె భర్త, అరవై దాటిన మనిషి, నా ఇబ్బంది చూసి, “ఇక్కడ కూసోని చెప్పే మాట కాదులే. ఒక రోజు మాతో నీళ్ళ మీదకి రండి. చూసి చెబుదురు గాని” అన్నాడు. వస్తానన్నాను.

పుస్తకంలోని జవాబులు నాకు తెలియనివి కావు. దీక్ష తీసుకుని ఇరవై ఏళ్ళు దాటింది. బాబాసాహెబ్ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో అహింసను కట్టుదిట్టమైన నియమంగా కాకుండా ఒక సూత్రంగా, జీవన విధానంగా చూపించారు. చంపాలన్న కోరికకూ, చంపక తప్పని అవసరానికీ మధ్య గీత గీశారు. ఉపాసకుడు చేయకూడని ఐదు వ్యాపారాలు అంగుత్తర నికాయలో ఉన్నాయి: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. లా చదివినవాణ్ణి కనుక ‘వ్యాపారం’ అన్న మాట పట్టుకుని, పూట గడవడానికి పట్టే చేప వ్యాపారం కిందకి రాదని వాదించగలను. కానీ అదే నికాయలో చేపలు చంపి అమ్ముకునే మనిషి గురించి బుద్ధుడు కటువుగానే మాట్లాడిన సుత్తం ఒకటి ఉంది. దాన్ని పక్కనపెట్టి మనకు పనికొచ్చేదే చదవడం వకీలు పని అవుతుంది గాని ఉపాసకుడి పని కాదు.

మే 25, శనివారం. రోహిణి కార్తె మొదలైన రోజు. రోళ్ళు పగిలే ఎండలని పెద్దలు ఊరికే అనలేదు. తెల్లవారుజామున మూడున్నరకే కాలనీ నుంచి బయల్దేరాం. అన్న భుజం మీద విసురు వల, చేతిలో ఇంకో రెండు కట్టే వలలు. వదిన నెత్తిన గాలి నింపిన లారీ ట్యూబు, చేతిలో బుట్ట. నా చేతిలో చద్దన్నం గిన్నె, నీళ్ళ సీసాలు. నన్ను ‘అయ్యా’ అనొద్దని పదేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. నేను అన్నా, వదినా అంటే పలుకుతారు, తిరిగి మాత్రం అయ్యా అనే పిలుస్తారు. ఆ మాట వాళ్ళ నోటికి ఎవరు నేర్పారో, ఎంత కాలం నేర్పారో మన పాఠకులకు చెప్పనక్కర లేదు.

పున్నమి వెళ్ళి రెండు రోజులే కావడంతో ఇసుక మీద వెన్నెల ఇంకా తెల్లగా ఉంది. అన్నకు అది నచ్చలేదు. “వెన్నెట్లో చేప వలను చూసిద్ది. ఈ నాలుగు రోజులూ మాకు పస్తే” అన్నాడు. మరి ఎందుకు వెళ్తున్నామని అడిగాను. “ఇంట్లో కూసుంటే వచ్చిద్దా?” అంది వదిన.

ఆ ఏడు కృష్ణలో నీళ్ళు లేవు. అంతకు ముందు వానాకాలం పైన సరిగా కురవలేదు, ప్రాజెక్టులు నిండలేదు. ఒడ్డు నుంచి అర మైలు పైగా ఇసుకలో నడిస్తే గాని తడి తగల్లేదు. ఏరు పారడం ఆగిపోయి అక్కడొకటి ఇక్కడొకటి మడుగులుగా మిగిలింది. ఎండాకాలం మడుగు అంటే మామూలు నీటి గుంట కాదు. ఏటి చేప అంతా వానలు వచ్చేదాకా తలదాచుకునేది అందులోనే. బొచ్చె, శీలావతి లాంటివి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. తొలకరి తరవాత కొత్త నీరు పారుతూ ఒడ్డున పల్లం మునిగినప్పుడే పెడతాయి. అప్పటిదాకా తల్లి చేప బతకాలంటే మడుగు బతకాలి. ఇది నేను పుస్తకంలో చదివింది. అన్న మాత్రం మడుగు మడుగునూ పేరు పెట్టి పిలిచాడు. తాడిచెట్టు మడుగు, రాతి మడుగు, దున్నల మడుగు. తాడిచెట్టు లేదు, దున్నలు లేవు. మొదటి మడుగుకైతే అసలు మడుగే లేదు. దాని స్థానంలో నిటారుగా తెగిన అంచులతో పెద్ద గొయ్యి ఉంది. పొక్లెయిన్ పళ్ళ గీతలు తడి ఇసుక మీద ఆరకుండా కనిపిస్తున్నాయి. ఒకప్పుడు మోకాలి లోతున మొదలై మెల్లగా లోతయ్యే చోట ఇప్పుడు ఒక్క అడుగు వేస్తే మనిషి మునిగిపోతాడు. వల అడుగుకు ఆనదు, సీసపు గుండ్లు వేలాడిపోతాయి, చేప కిందనుంచి దాటిపోతుంది. అసలు చేప ఉంటే కదా అన్నది వేరే మాట.

వాళ్ళ కొడుకు రాత్రిళ్ళు ఆ ఇసుకే ట్రాక్టర్లకు ఎత్తుతాడు. ఈ మాట అన్న చెప్పలేదు, వదిన చెప్పింది. “వాడు రెండు రాత్రులకు తెచ్చేది మాకు వారమంతా ఏట్లో దిగినా రాదు. వాడు తవ్విన గుంటలోనే వాళ్ళ నాయన వలేస్తన్నాడు” అంది, నవ్వుతూనో ఏడుస్తూనో చీకట్లో తెలియలేదు.

రెండో మడుగులో విసురు వల పది పన్నెండు సార్లు వేశాడు అన్న. ట్యూబు మీద అడ్డంగా పెట్టిన చెక్కపై కూర్చుని ఆ వయసులో అంత గుండ్రంగా వల విప్పడం చూడవలసిందే. పరిగెలు గుప్పెడు పడ్డాయి. అరచేతి మందాన తిలాపియాలు నాలుగు. ఈ తిలాపియా మన ఏటి చేప కాదు, బయటి దేశాల నుంచి తెచ్చింది. నిలవ నీరైనా మురికి నీరైనా బతికేస్తుంది, ఏడాదిలో చాలాసార్లు పిల్లల్ని పెడుతుంది. అన్నకు దాని మీద గౌరవం లేదు. “ఇది పడిందంటే ఇంకేం లేదని అర్థం” అన్నాడు.

మూడో మడుగు దగ్గరకు వెళ్ళేసరికి తెల్లవారింది. ఒడ్డున నీటి అంచు వెంట వేలి పొడవు పిల్ల చేపలు వందల్లో వెల్లకిలా తేలి ఉన్నాయి. కాకులు అప్పటికే చేరాయి. అన్న ఒకదాన్ని తీసి పొట్ట నొక్కి చూశాడు. లోపల గాలి తిత్తి పగిలి, నెత్తురు కలిసిపోయింది. రాత్రి ఎవరో తూటా పేల్చి పెద్ద చేప ఏరుకుపోయారు. పెద్దది పది కిలోలు దొరికి ఉంటుందేమో, దానికి ఒక తరం చేపపిల్ల మొత్తం పోయింది.

బుట్టలో వేసుకోవచ్చు కదా అని నోటిదాకా వచ్చింది. అడగకముందే వదిన అంది: “ఇవి మా బుట్టలో కనపడ్డయ్యంటే తూటా ఏసింది మేమే అయితాం.” నిజమే. ఇండియన్ ఫిషరీస్ చట్టం 1897 నాటిది. నాలుగో సెక్షన్ పేలుడు పదార్థాలతో, ఐదో సెక్షన్ విషంతో చేపల్ని చంపడాన్ని నేరం చేశాయి. అసలు చట్టంలో శిక్ష రెండు నెలల వరకు ఖైదు, లేదా 200 రూపాయల వరకు జరిమానా. నూట పాతికేళ్ళకు పైగా చట్టం ఉంది. ఆ చట్టానికి భయపడుతున్నది తూటా వేసినవాడు కాదు, చచ్చిన చేపను ముట్టుకోవడానికి జంకుతున్న యానాది స్త్రీ. చట్టం ఎవరి వైపు చూస్తుందో లా కాలేజీలో మాకు చెప్పలేదు గాని, ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఆ రోజంతటికీ పెద్ద సంగతి నాలుగో మడుగు దగ్గర జరిగింది. అక్కడ గట్టు పక్కన కొంచెం తుంగ, నాచు మిగిలి ఉన్నాయి. అన్న చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. తుంగ పక్కన నీటి మీద ఎర్రటి మచ్చ ఒకటి కదులుతోంది. బంతిలా విచ్చుకుంటోంది, ముడుచుకుంటోంది. కొరమీను పిల్లలు. అవి అలా గుంపుగా పైకి వస్తే కిందనే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఈ చేపకు ఆ అలవాటు ఉంది, పిల్లలు పెరిగేదాకా వదలదు. కాసేపటికి నీళ్ళు ఒక్కసారి ఒత్తిగిల్లినట్టయి నల్లటి వీపు కనిపించింది. కిలోకు తక్కువ ఉండదు. బతికున్న కొరమీను కిలో నాలుగైదు వందలకు తక్కువ పోదు. అలాంటి సమయంలో అది పిల్లల దగ్గరకు వచ్చిన దేన్నైనా కరుస్తుంది. కప్పపిల్లను గుచ్చిన గాలం ఒక్కటి చాలు.

అన్న గాలం తీయలేదు.

వదిన చాలాసేపు చూసింది. తరవాత అడిగింది. అన్న తల అడ్డంగా ఊపాడు. “తల్లిని పడితే పిల్లల్ని పరిగెలే తినేస్తయ్యి. కార్తీకానికి ఇయ్యే చేతికొస్తయ్యి” అన్నాడు. నేను లోపల పొంగిపోయి, కరుణ అంటే ఇదే కదన్నా అన్నాను. ఆయన నా వంక వింతగా చూశాడు. “కరుణేంది అయ్యా, లెక్క. మా నాయన చెప్పిన లెక్క.”

వదిన కోపం అప్పుడు బయటపడింది. సోమవారం గ్రూపు కిస్తీ కట్టాలి. ఆరు వందలు. చేతిలో ఉన్నది నూట ఎనభై. “కార్తీకం దాకా ఈ గుంట ఉండిద్దా? ఆ పొక్లెయినోడికి చెప్పావా, నీ లెక్క? రేపు వాడు తవ్వితే తల్లీ ఉండదు పిల్లలూ ఉండవు. మనం పడితే పాపం, వాడు పూడిస్తే ఏం కాదు.” తరవాత నా వైపు తిరిగింది. “మీ శీలం, ఈయన కట్టుబాటు, రెండూ కలిసి నా పొయ్యి ఆర్పుతున్నయ్యి.”

నేను జవాబు చెప్పలేదు. చెప్పేది కూడా లేదు. ఇద్దరి మాటా నిజమే. తెలివైన పాఠకులు ఎవరైనా ఇక్కడ మధ్యేమార్గం చూపించగలిగితే రాయవలసిందిగా కోరుతున్నాను. కాకపోతే రాసేముందు కిస్తీ వసూలుకు వచ్చే మనిషి సోమవారం పొద్దున గుమ్మంలో ఎలా నిలబడతాడో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

పదకొండు గంటలకు ఇసుక మీద కాలు పెట్టలేకపోయాం. తుమ్మచెట్టు కింద చేరి, ఉల్లిపాయ, మామిడికాయ ఊరబద్దతో చద్దన్నం తిన్నాం. కోపం మీదనే ఉన్నా వదిన నాకే ముందు పెట్టింది. ఆ వేడిలో నాకు యసోజ థేరుడు గుర్తొచ్చాడు. శ్రావస్తి నగర ద్వారం బయట జాలరి పల్లెలో, అయిదు వందల జాలరి కుటుంబాల పెద్దకు పుట్టినవాడు. తోటి జాలరులతో కలిసి వలలు వదిలి సంఘంలో చేరాడని అట్ఠకథలు చెబుతాయి. ఆ కథ చెబితే అన్న శ్రద్ధగా విన్నాడు. “వల వదిలితే వాళ్ళకు కూడు ఎవరు పెట్టారు?” అని అడిగాడు. సంఘానికి జనం భిక్ష పెట్టేవారని చెప్పాను. “అట్టయితే వదలొచ్చు” అన్నాడు. అందులో ఎగతాళి లేదు. మనం శీలం చెప్పడానికి వెళ్ళే ప్రతి చోటా ఆ షరతు ఉంటుంది. వల వదిలిన మనిషి ఎక్కడికి వెళ్ళాలో మన సంఘం చెప్పగలగాలి. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట ఆపినందుకు ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు భృతి ఇస్తుంది. వేట ఆపితే ఆకలి ఉంటుందని ప్రభుత్వానికి కూడా తెలుసన్నమాట. కొరమీను తల్లిని వదిలేసిన యానాదికి భృతి ఎవరిస్తారు?

రోహిణి అంటే మన ఎండల కార్తె మాత్రమే కాదు. శాక్యులకూ కోలియులకూ మధ్య పారిన నది పేరు కూడా రోహిణే. సిద్ధార్థుడు ఇల్లు విడవడానికి కారణం ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూడటం కాదని, రోహిణి నీళ్ళ కోసం యుద్ధానికి దిగుతామన్న తన వాళ్ళను కాదన్నందుకేనని బాబాసాహెబ్ రాశారు. మన కృష్ణ నీళ్ళ తగవు కూడా అలాంటిదే. 1973లో బచావత్ ట్రిబ్యునల్ 2,060 టీఎంసీలను మూడు రాష్ట్రాలకు పంచింది. 2023 నవంబర్ 30న నాగార్జునసాగర్ డ్యాం మీద ముళ్ళకంచె వేసి రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఈ సంగతి చెబితే అన్న ఒక్కటే అడిగాడు. అంత మంది పోలీసులు ఒక్కరైనా తూటా వేసేవాడి కోసం మడుగు దగ్గరకు రాకూడదా అని.

ఇంటికొచ్చి తూకం వేస్తే ఆరు వందల గ్రాములు. పరిగెలు, ఆ నాలుగు తిలాపియాలు, ఒక జెల్ల. అమ్మడానికి చాలవు. పులుసు పెట్టారు. ఎనిమిది గంటలు, ముగ్గురు మనుషులు, మూడు వలలు, అందులో ఒకటి గోతి అంచుకు చిక్కి చిరిగింది.

సాయంత్రం కాలనీలో మళ్ళీ కూర్చున్నాం. మొదటి శీలం మీద అడిగిన ప్రశ్నకు నా సమాధానం చెప్పమన్నారు. నేను రెండో శీలం తీశాను. “అదిన్నాదానా వేరమణీ.” ఇవ్వనిది తీసుకోకుండా ఉండటం. దొంగతనం చేయకూడదని మనం చిన్నగా చెప్పేస్తాం, పేదవాడి పక్కన నిలబడి మరీ చెప్తాం. కానీ ఆ ఏట్లో ఇవ్వనిది తీసుకున్నదెవరు? ఇసుక ఎవరు ఇచ్చారు? చేపపిల్లను ఎవరు ఇచ్చారు? నది ప్రజలందరిదీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా - కమల్‌నాథ్ కేసులో 1996లోనే చెప్పింది. అయిదు హెక్టార్ల లోపు తవ్వకమైనా పర్యావరణ అనుమతి లేకుండా కుదరదని 2012లో దీపక్ కుమార్ కేసులో చెప్పింది. మొదటి శీలాన్ని వల మీద పెట్టి, రెండో శీలాన్ని పొక్లెయిన్ మీద పెట్టకపోతే మనం చెప్పేది ధమ్మం కాదు, బలహీనుడి మీద ఇంకో కట్టుబాటు. నా అభిప్రాయం ఇదీ, ఒప్పుకోని భంతేలు ఉంటారని తెలుసు. చేప ప్రాణం ప్రాణమేనని కూడా ఆ రాత్రి చెప్పాను. దాన్ని దాచలేదు. కార్తీకం దాకా తల్లిని వదిలే లెక్క ఈ కాలనీలో ఇంకా ఉందంటే మొదటి శీలం మీకు నేను నేర్పేదేమీ లేదని కూడా అన్నాను. వదిన అందుకు ఏమీ అనలేదు. “కాయితం రాయి” అంది.

రాశాం. రెండు కోరికలు. మడుగుల దగ్గర తవ్వకం, తూటాలు ఆపాలి. మత్స్యకార సహకార సంఘంలో కాలనీ వాళ్ళకు సభ్యత్వం ఇవ్వాలి. ఆ సంఘం జాబితాలో ఒక్క యానాది పేరు కూడా లేదు. అర్జీలో మడుగుల పేర్లన్నీ రాయించాడు అన్న, లేని మడుగు పేరుతో సహా. మొదటి సంతకం వదిన వేలిముద్ర.

సోమవారం తీసుకెళ్తే ఎన్నికల కోడ్ ఉందని, జూన్ 4న లెక్కింపు అయ్యాక రమ్మన్నారు. అయ్యాక వెళ్ళాం, కొత్తవాళ్ళు కుదురుకోవాలన్నారు. ఈలోగా సెప్టెంబర్ మొదట్లో కృష్ణకు పెద్ద వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కాలనీ ఖాళీ చేశారు. గోతులన్నీ ఒకటైపోయాయి. ఆ తుంగ గట్టు ఏమైందో, కొరమీను పిల్లలు ఏమయ్యాయో కనుక్కునే వీలు లేదు. వరద తీశాక పది రోజులు చేపే చేప, కొనేవాళ్ళే లేరని అన్న ఫోను చేశాడు.

నవంబర్‌లో మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాం. తవ్వకం సంగతి తమ శాఖది కాదన్నారు. సభ్యత్వం సంగతికి వస్తే నైపుణ్య పరీక్ష ఉంటుందని, ఈత, వల విసరడం, వల అల్లడం వచ్చో లేదో చూస్తారని ఆ ఉద్యోగి మర్యాదగానే వివరించాడు. వదిన అంతా విని, “పరీక్షకు చేప మీరే తెస్తారా?” అని అడిగింది. ఆయనకు అర్థం కాలేదు. మడుగుల్లో పరీక్ష పెడితే ఏం పడదు కనుక ముందే చెబుతున్నానంది. ఆయన నవ్వి, అర్జీ మీద తేదీ వేసి, రసీదు ఇచ్చాడు. పరీక్ష తేదీ ఇంకా రాలేదు.